సైకిలు మెడ

గోదావరి డెల్టా సమతలమైన నేల. ధవళేశ్వరమువద్ద సర్ ఆర్థరు కాటన్ తలపెట్టిన ఆనకట్ట 1852వ సంవత్సరమునాటికి పూర్తియైనది. దాని కాలువలు ఈ సీమను వరిచేలతోను, అరటితోటలతోను నింపినవి. కాలువకు గట్టు, గట్టుమీద బాట, తోటకును తోటకును నడుమ పుంత - ఇవియే ఇచ్చటి పల్లెదారులు. ఎక్కవలసిన మిట్ట లేదు; దిగవలసిన పల్లము లేదు. ఇట్టి నేలకు సైకిలుకంటె అనువైన వాహన మేది? 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ సంస్థయు, 1951లో సోనీపట్టులో అట్లాసు సంస్థయు, 1956లో లూధియానాలో హీరో సంస్థయు వెలసిన పిమ్మట, బరువులకోర్చు నల్లని సైకిళ్ళు పల్లెపల్లెకును చేరినవి.

నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో నున్న రావులపాలెము అరటిగెలలకు పేరుపొందిన సంత. చుట్టునున్న లంకలనుండి రైతులు గెలలను సైకిళ్ళకు ఇరుప్రక్కల వ్రేలాడగట్టి అచ్చటికి తెచ్చుట ఆ ప్రాంతమువారికి చిరపరిచితమైన దృశ్యము. అట్టి రైతు నొకనిని మనస్సునకు తెచ్చుకొనుడు. వేకువజామున అతడు గెలలతో కాలువగట్టు పట్టి వచ్చుచున్నాడు. ఒకప్రక్క నిండుకాలువ, రెండవప్రక్క వరిచేను. బాట తిన్నగానే యున్నది. కాని సైకిలు తిన్నగా పోవుట లేదు. హేండిలు నడుమ ఎచ్చటనో పట్టుకొనుచున్నది. కొంచెము బలముపెట్టి త్రిప్పినచో ఒక్కసారిగా వదలి, కావలసినదానికంటె ఎక్కువ తిరుగుచున్నది. గెల నేలకు తగిలినచో కాయ కమిలి ధర పోవును. కాలువలో పడినచో ప్రాణమునకే ముప్పు.

అతడు సైకిలు దిగి, నడిపించుకొనిపోయి, దారిలోని సైకిలు దుకాణము చేరినాడు.

“మేస్త్రీగారూ, హేండిలు నిలకడగా లేదు. ఇంకొక చుట్టు గట్టిగా బిగింపుడు” అని కోరినాడు.

మేస్త్రీ వెంటనే పానా చేతబట్టలేదు. గెలలను దింపించి, ముందు బ్రేకును నొక్కిపట్టి, మెడక్రింద వ్రేలుంచి, సైకిలును ముందునకును వెనుకకును ఊపి చూచెను. వ్రేలికి అదురు తగులలేదు. పిమ్మట ముందు చక్రమును నేలనుండి పై కెత్తి, హేండిలును రెండు వ్రేళ్ళతో మెల్లగా త్రిప్పెను. చక్రము తిన్నగా నిలిచినచోట హేండిలు గాడిలో పడినట్లు ఆగిపోయెను.

“ఇది వదులు కాదు బాబూ, గుంటలు. బిగించినకొలది పెరుగును” అని అతడు చెప్పెను.

ఆ మాటలోని సత్యము తెలియవలెనన్న సైకిలు మెడ యెట్టిదో తెలిసికొనవలయును. సైకిలు చట్రమునకు ముందు నిలువుగా ఒక పొట్టి గొట్టము కలదు. ముందు చక్రమును పట్టియుండు ఫోర్కు తన కాడను ఆ గొట్టములోనుండి పైకి చాచును. గొట్టపు రెండు కొనలందును ఉక్కు కప్పులు దిగగొట్టబడియుండును. క్రిందికప్పునకు ఎదురుగా ఫోర్కు భుజముపై ఒక ఉక్కు వలయము, పైకప్పునకు ఎదురుగా కాడ మరలపై ఎక్కు కోను ఉండును. ఈ జతల నడుమ సుమారు 4 మిల్లీమీటర్ల మందముగల ఉక్కు గోళీలు వరుసగా తిరుగును. వీనినే దుకాణములలో బాల్సు లందురు. కోనుపై వాషరును, దానిపై లాక్‌నట్టును బిగింతురు. ఈ సామగ్రి యంతయు కలిసి హెడ్‌సెట్టు అనబడును.

గోళీలతో రాపిడి తగ్గించు పద్ధతి సైకిలునకు క్రొత్తది కాదు. 1869లో ఫ్రాన్సు దేశమున జూల్ సురిరే యనునాతడు దీనికి పేటెంటు పొందెను. ఆ యేడే పారిసునుండి రువాన్ పట్టణమువరకు జరిగిన పందెములో గోళీలు అమర్చిన సైకిలుపై జేమ్సు మూర్ గెలుపొందెను. చక్రమునకైనను, మెడకైనను గోళీ చేయు పని ఒక్కటే. అయినను వాని యనుభవము ఒక్కటి కాదు.

మెడలోని గోళీలు కప్పును గుంటలుపెట్టుటకు గతుకుల దెబ్బలే కారణమని చాలమంది తలతురు. అదియే నిజమైనచో వెనుక చక్రపు ఇరుసులో ఇంకను పెద్ద గుంటలు పడవలయును. బరువులో ఎక్కువభాగము దానిమీదనే గదా! కాని అచ్చట అట్టి గుంటలు వరుసదీరి కనబడవు. దీనికి కారణ మేమి?

చక్రపు గోళీ ఎల్లప్పుడును దొర్లుచుండును. దొర్లుచు క్రొత్త గ్రీజును తన క్రిందికి తెచ్చుకొనును; ఒక్కచోటనే నిలిచి బరువు మోయదు. మెడలోని గోళీకి ఆ వీలు లేదు. తిన్నని బాటలో హేండిలు తిరుగుట బహు స్వల్పము. ప్రతి గతుకునకును ఫోర్కు రవ్వంత ముందు వెనుకల కూగును. ఆ ఊపునకు గోళీ దొర్లక, ఉన్నచోటనే రాచుకొనును. గ్రీజు ప్రక్కకు తొలగిపోవును. ఉక్కు ఉక్కును తాకి అరుగును. ఇట్లు మాసములు గడచునప్పటికి ఒక్కొక్క గోళీ క్రింద ఒక్కొక్క గుంట ఏర్పడును. చక్రము తిన్నగా నిలిచినపుడు గోళీలన్నియు ఒక్కమారే తమ తమ గుంటలలో దిగును. అదియే రైతు చేతికి తగిలిన పట్టు.

ఈ పట్టు ఇంత ప్రమాదకర మగుటకు వేరొక హేతువు కలదు. సైకిలు నిలుచుట హేండిలు కదలకుండుటవలన కాదు; నిరంతరము కొద్దికొద్దిగా కదలుటవలన. సైకిలు ఎడమకు ఒరిగినపుడు చక్రము ఎడమకును, కుడికి ఒరిగినపుడు కుడికిని తిరిగి దానిని నిలబెట్టును. తొక్కువానికి తెలియకయే ఈ సవరణ జరుగుచుండును. గుంటలు ఈ చిన్న కదలికను అడ్డగించును. నట్టు మితిమించి బిగించినచో మెడ బిగిసికొని అదే అడ్డు మరింత యగును. గోళీలపై ఒత్తిడి హెచ్చి గుంటలు లోతగును. చేతికి గట్టిగా తోచును. బాటపై సైకిలు పాము నడక నడచును.

మరి నిలకడ యెట్లు వచ్చును? మేస్త్రీ హేండిలును ఊడదీసి, లాక్‌నట్టును, కోనును విప్పి, ఫోర్కును క్రిందికి జార్చెను. గోళీలను పళ్ళెములో పట్టి, భాగములన్నిటిని కిరసనాయిలుతో కడిగెను. క్రిందికప్పులో గుంటలు వరుసగా కానవచ్చినవి. గోళీలు ఒక రేకు రింగులో పొదిగియున్నవి.

“క్రొత్త కప్పులు వేయుదము. కాని ఈ రింగును మరల వేయను” అని అతడు పలికెను.

ఇదియే అతడు చేసిన మార్పు. రేకు రింగు పని సులువు చేయును; కాని గోళీకిని గోళీకిని నడుమ చోటు తినును. దానిని తీసివేసి అదే మందముగల విడిగోళీలను పేర్చినచో అదే కప్పులో మరికొన్ని పట్టును. 100 కిలోల భారమును 20 గోళీలు సమముగా పంచుకొన్నవనుకొనుడు. ఒక్కొక్కదానికి 5 కిలోలు వచ్చును. 25 గోళీలు పంచుకొన్నచో 4 కిలోలే వచ్చును. మోయువారు పెరిగినకొలది ఎవ్వరికిని భారము కాదు. అయితే కప్పును పూర్తిగా క్రిక్కిరియరాదు. ఒక గోళీ పట్టునంత ఖాళీ విడువవలయును. లేకున్న అవి ఒకదాని నొకటి ఒరసికొని తిరుగలేవు.

క్రొత్త కప్పులు వెంటనే కొనలేనివారికి కూడ ఈ మార్పు కొంతకాలము తోడ్పడును. పాతగుంటలు రింగులోని గోళీల ఎడమునుబట్టి పడినవి. విడిగోళీల సంఖ్యయు, ఎడమును వేరు గనుక, అవి అన్నియు ఒక్కమారే గుంటలలో దిగవు. పట్టు చాలవరకు తగ్గును. కాని ఇది చికిత్స కాదు, ఉపశమనము మాత్రమే.

కప్పులు ఎక్కించుటయందును నేర్పు కావలయును. సుత్తితో ఒకవైపు కొట్టినచో కప్పు వంకరగా దిగి, మెడ ఒకచోట బిగువుగను, ఒకచోట వదులుగను తిరుగును. మేస్త్రీ పొడవైన బోల్టును గొట్టములో దూర్చి, రెండు కొనలందును మందమైన వాషర్లు వేసి, నట్టును త్రిప్పుచు రెండు కప్పులను మెల్లగా లోనికి లాగెను. పాతట్యూబు ముక్క నొకదానిని వలయముగా కోసి క్రిందికప్పునకు తొడిగెను. కాలువగట్ల ఒండ్రుమట్టియు, వాననీరును గోళీలలోనికి పోకుండ అది కాపాడును. నిండుగా గ్రీజు పూసి, గోళీలను అందులో నాటి, ఫోర్కును మరల ఎక్కించెను.

కడపటి పని బిగింపు. కోనును చేతితో ఊపు పోవువరకు త్రిప్పి, రవ్వంత వెనుకకు తీసెను. ఏలయన లాక్‌నట్టు బిగిసినపుడు మరలలోని ఖాళీ తీరి కోను మరికొంత క్రిందికి ఒత్తుకొనును. ఒక పానాతో కోనును కదలకుండ పట్టి, మరియొక పానాతో లాక్‌నట్టును బిగించెను. తరువాత మొదటి పరీక్షలనే చేసెను. ముందు వెనుకల కూపినపుడు చప్పుడు లేదు. చక్రమును పై కెత్తి సైకిలును కొంచెము ప్రక్కకు వంచగానే హేండిలు తనంత తానే ఆవైపునకు తిరిగెను.

“అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు బాబూ. గెలలను హేండిలునకు కట్టకుడు. చట్రమునకును, వెనుక క్యారియరునకును కట్టుడు. వానకాలము వెళ్ళగానే ఒకసారి విప్పించి గ్రీజు పెట్టింపుడు” అని మేస్త్రీ చెప్పెను.

రైతు గెలలను సరిచూచి కట్టుకొని, సైకిలెక్కి, మరల కాలువగట్టు పట్టెను. చక్రము గతుకులలో పడుచునే యున్నది. కాని హేండిలు అతని చేతికి లొంగియున్నది. బిగువు వేరు, నిలకడ వేరు. బిగువు కదలికను ఆపును. నిలకడ కదలికను సరియైన దారిని పోనిచ్చును. సంత తెరచువేళకు గెలలు కమలకుండ రావులపాలెము చేరినవి.

ప్రశ్నలు

1. చక్రపు ఇరుసులో పడని గుంటలు సైకిలు మెడలో ఏల పడును?
2. రేకు రింగును తీసి విడిగోళీలను వేయుటవలన కలుగు మేలేమి? లెక్కతో వివరింపుడు.
3. లాక్‌నట్టు బిగించుటకు ముందు కోనును రవ్వంత వెనుకకు తీయుట కేమి కారణము?
4. “బిగువు వేరు, నిలకడ వేరు” - ఈ వాక్యమును మీ నిత్యజీవితమునుండి ఒక యుదాహరణముతో సమర్థింపుడు.