కానరాని కిరణాలకు కన్ను

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పత్తి తెలుపు, మిరప ఎరుపు పక్కపక్కనే కనువిందు చేస్తాయి. కళ్లాలలో ఎండిన మిరపకాయ గుంటూరు యార్డుకు చేరి, అక్కడినుండి దేశదేశాలకు తరలిపోతుంది. నేలమీద ఆరబోసిన కాయకు సూక్ష్మజీవులు అంటుకోవడం సహజం. వాటిని నశింపజేయడానికి సుగంధద్రవ్యాలను గామా కిరణాలతో శుద్ధిచేసే కర్మాగారం ఒకటి 2000 సంవత్సరంలో నవీ ముంబయిలోని వాషిలో వెలసింది. కోబాల్ట్-60 కిరణాలు సోకినంత మాత్రాన కారానికి రేడియోధార్మికత అంటదు. భయపడవలసింది ఆ కోబాల్ట్ విషయంలోనే.

కోబాల్ట్-60 అర్ధాయువు సుమారు 5.27 సంవత్సరాలు. శక్తి సన్నగిల్లిన కోబాల్ట్ పరిశ్రమకు చాలదు గాని, ప్రాణహానికి చాలుతుంది. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారులో జరిగింది ఇదే. 1985 నుండి మూలపడి ఉన్న ఒక ప్రయోగశాల పరికరం వేలంలో తుక్కు కింద అమ్ముడుపోయింది. దుకాణాలలో దానిని విడగొట్టగా లోపలి కోబాల్ట్ ముక్కలు చెల్లాచెదరయ్యాయి. కొందరు తీవ్ర అస్వస్థతకు లోనయ్యారు, ఒకరు మరణించారు. పాపం, ఆ పనివారి కంటికి అది మామూలు లోహమే.

ఇటువంటి చోట వాడే గైగర్ కౌంటర్ టిక్కుటిక్కుమనే ధ్వనితో కిరణాల ఉనికిని తెలుపుతుంది. శబ్దాన్నిబట్టి బాణం వేసిన దశరథుడు ఏనుగనుకొని మునికుమారుణ్ణి కొట్టాడు. ఉనికి తెలియడం వేరు, రూపు తెలియడం వేరు. కిరణమూలాన్ని కచ్చితంగా పట్టుకోవాలంటే పనివాడు దానిని సమీపించక తప్పదు. దూరం సగమైతే అతని దేహానికి తగిలే మోతాదు నాలుగింతలవుతుంది.

ఈ చిక్కును చాలావరకు తీర్చేది వెంట తీసుకొనిపోదగిన గామా కెమెరా. గామా కిరణాలను కటకం వంచలేదు. అందుచేత సీసపు పలకకో, టంగ్‌స్టన్ పలకకో ఒక క్రమంలో రంధ్రాలు చేసి, దాని వెనుక స్ఫటికాన్ని అమరుస్తారు. పలక నీడ స్ఫటికంపై ఎటు జరిగిందో గణించి, కిరణాలు వచ్చే చోటును కంప్యూటర్ ఛాయాచిత్రం మీద రంగుమచ్చగా చూపుతుంది. కిరణాల శక్తిని కొలిచి పదార్థం పేరునూ చెబుతుంది: సీసియం-137 అయితే 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, కోబాల్ట్-60 అయితే 1173, 1332. అణువ్యర్థాల పీపాలలో ఏది ఎక్కడ ఉన్నదో దూరం నుండే తేల్చడానికి ఇది ఎంతో ఉపకరిస్తుంది. 2011 ప్రమాదం తరువాత జపాన్‌లోని ఫుకుషిమా కేంద్రంలో ఇటువంటి కెమెరాలను యంత్రమానవులకు అమర్చి, మనుషులు నిలువలేని గదులలోనికి పంపారు.

అయితే మందమైన కవచం చాటున ఉన్నదానిని ఈ కన్నూ చూడలేదు. మాయాపురి పరికరం విప్పకముందు దీనికి చిక్కడం కష్టమే. అక్కడ పనికివచ్చేది దాని పుట్టుపూర్వోత్తరాలు రాసి ఉంచిన దస్త్రం. అణువ్యర్థాల సురక్షిత విసర్జనకు మన దేశంలో 1987లోనే నిబంధనలు ఏర్పడ్డాయి.