బిగిసిన దవడ చెప్పే గంటలు

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసుకుంటూ పర్పుల్ లైన్ మెట్రోలో పుస్తకం తెరిచే మన పిల్లలకు ఫోరెన్సిక్ పేపర్‌లో ముందు చదవమని చెప్పేది రైగర్ మార్టిస్, అంటే మరణించాక కండరాలు బిగుసుకోవడం.

ఒకసారి పిడికిలి బిగించి వదలండి. బిగించడానికే కాదు, వదలడానికీ కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు కావాలి. కండరంలోని మయోసిన్ అనే ప్రోటీన్ తలలు ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులను పట్టి లాగితే కండరం కుంచించుకుంటుంది. కొత్త ఏటీపీ అణువు వచ్చి అతుక్కుంటేనే ఆ పట్టు వీడుతుంది. ప్రాణం పోయాక ఏటీపీ నిల్వ అడుగంటుతుంది, పట్టు అలాగే ఉండిపోతుంది.

బయటికి ముందు తెలిసేది కనురెప్పల్లో, దవడలో. తర్వాత మెడ, చేతులు, చివరికి కాళ్లు. సుమారు 12 గంటలకు ఒళ్లంతా కొయ్యబారుతుంది, ఆపై దాదాపు అదే వరుసలో సడలుతుంది. ఎండాకాలంలో ఈ బిగుతు త్వరగా వచ్చి త్వరగా పోతుంది, చలిలో ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే దీన్నొక్కదాన్నే నమ్మి మరణ సమయం తేల్చరు. శరీర ఉష్ణోగ్రత, రక్తం కిందికి దిగి ఏర్పడే మచ్చలు కూడా చూస్తారు.

ఈ పట్టును వదిలించే ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ ఒకవైపు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావుల జంట మరోవైపు విడివిడిగా కనుగొన్నారు. సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. గైడ్‌లో లోమన్ పేరొక్కటే కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది. మీ నోట్సులో మూడు పేర్లూ రాసుకోండి.