తలదెబ్బ తరువాత నడుమునొప్పి

తలకు దెబ్బ తగిలిన మనిషిని చూచినప్పుడు అందరి దృష్టియు తలమీదనే నిలుచును. స్పృహ తప్పినదా, వాంతులైనవా అని విచారింతుము. అది యుక్తమే. కాని పుర్రెలోని రక్తస్రావము ఒక్కొక్కప్పుడు కొన్ని దినముల తరువాత నడుమువద్ద బయటపడును. ఇది అరుదు, అరుదగుటచేతనే పొరపాటున కవకాశ మెక్కువ.

మెదడును కప్పియుండు గట్టి పొర పుర్రెతో ముగియదు. అది వెన్నెముక లోపల పొడుగాటి సంచివలె నడుము దిగువవరకు సాగియుండును. పుర్రెలో ఆ పొర క్రింద చేరిన రక్తములో కొంత, రోగి లేచి కూర్చుండి నడువసాగిన పిమ్మట, తన బరువుచేతనే క్రిందికి జారి సంచి యడుగున నిలువవచ్చును. పెద్దవారిలో వెన్నుపాము నడుము పైభాగముననే ముగియును. అంతకు దిగువ నుండునది కాళ్లకును, మూత్రాశయమునకును పోవు నాడుల కుచ్చు. జారిన రక్తము ఆ నాడులను ఒత్తును.

అందుచే తలనొప్పి తగ్గుచున్న వేళ నడుము పట్టివేయును. పిరుదులనుండి పిక్కలవరకు నొప్పి లాగును. పడకమీద నున్నందున నడుము పట్టినదని ఇంటివారు సరిపెట్టుకొందురు. తైలము రాచి తోముట, నడుము త్రొక్కించుట మన యిండ్లలో వాడుక. వైద్యుడు పరీక్షింపకముందు ఇట్టి పనులు చేయరాదు. అంగడిలో కొన్న నొప్పి బిళ్లలును వలదు. వానిలో కొన్ని రక్తస్రావమును హెచ్చించును.

మూత్రము బిగియుట, మలమూత్రములు తెలియకుండ పోవుట, తొడల నడుమ స్పర్శ తెలియకుండుట, కాలు ఎత్తలేకుండుట: వీనిలో ఏ ఒక్కటి కనిపించినను తెల్లవారనిండని ఆగక, 108కి ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి చేరవలెను.

అచ్చట మొదట చెప్పవలసినది తలదెబ్బ సంగతి. నడుమునొప్పి యని వచ్చిన రోగి పదిదినముల క్రిందటి దెబ్బను ప్రస్తావింపనిచో ఎంతటి వైద్యునికైనను ఈ కారణము తోచుట కష్టము. గుండెజబ్బునకై ఆస్పిరిను, వార్ఫరిను వంటి మందులు వాడువారు ఆ చీటీని వెంట తీసికొని పోవలెను. ఆ మందులను తమంతట తాము మానరాదు. తలకు తీసిన సి.టి. స్కాను నడుమును చూపదు. నడుమునకు ప్రత్యేకముగా ఎం.ఆర్‌.ఐ. తీయుదురు.

చాలమందికి ఈ రక్తము కొన్ని వారములలో తనంతట తానే ఇంకిపోవును. విశ్రాంతియు, వైద్యుని పర్యవేక్షణయు చాలును. కాళ్ల బలము తగ్గుచున్నవారికి, మూత్రము బిగిసినవారికి మాత్రము శస్త్రచికిత్సచే ఆ ఒత్తిడి తొలగింపవలసి వచ్చును. ఇట్టివారి విషయములో నాడులు నలిగిన కాలమెంత తక్కువయైన, బలము తిరిగివచ్చు ఆశ యంత ఎక్కువ.