జీడిపప్పంత యాంటెన్నా



మేమూ మీలాగే హాస్టల్ అన్నం తిని చదువుకున్నవాళ్ళమే. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు, ఫోన్లూ పోయాయి. ఆ చీకట్లో మనం పట్టుకున్న టార్చిలైటే నేటి పాఠం.

టెరాహెర్ట్జ్ అంటే ఏమిటి?

సెకనుకు లక్ష కోట్ల కంపనాలు ఒక టెరాహెర్ట్జ్. ఈ ప్రాంతంలో సమాచారానికి కావలసినంత చోటు ఉంది. అందుకే 6జీ పరిశోధకులు దీనిపై దృష్టి పెట్టారు. 2017లో వచ్చిన ఐ.ఇ.ఇ.ఇ. ప్రమాణం ఒకటి 300 గిగాహెర్ట్జ్ పరిసరాల్లో సెకనుకు 100 గిగాబిట్ల వేగాన్ని ఆశించింది.

లెక్క చేద్దాం

తరంగదైర్ఘ్యం = కాంతి వేగం ÷ పౌనఃపున్యం. 3 గిగాహెర్ట్జ్‌కు ఇది 10 సెంటీమీటర్లు, 300 గిగాహెర్ట్జ్‌కు 1 మిల్లీమీటరు. సాధారణంగా యాంటెన్నా పొడవు ఇందులో సగం. అంటే అర మిల్లీమీటరే! కానీ చిన్న యాంటెన్నా పట్టే శక్తీ తక్కువే. అదే దూరంలో 10,000 రెట్లు తక్కువ అందుతుంది.

గెయిన్ అంటే?

టార్చిలో అద్దం తీసేస్తే వెలుగు చుట్టూ చెదిరిపోతుంది. అద్దం కొత్త వెలుగు పుట్టించదు, ఉన్నదాన్ని ఒకవైపు పంపుతుంది. గెయిన్ అంటే అదే. 3 సెంటీమీటర్ల చదరపు పలక, అంటే పెద్ద జీడిపప్పు పొడవంత పలక తీసుకుందాం. దానిపై వరుసకు 60 చొప్పున 60 వరుసల్లో 3,600 బుల్లి యాంటెన్నాలు పడతాయి. అన్నీ ఒకే లయలో పనిచేస్తే ఒక దిశలో శక్తి సుమారు 10,000 రెట్లవుతుంది. పోయిన లోటు పూడింది!

చిక్కు ఎక్కడ?

ఆ కిరణం వెడల్పు సుమారు 2 డిగ్రీలే. గాలికి స్తంభం ఊగితే గురి తప్పుతుంది. గోడ, ఆకు అడ్డొస్తే ఆగుతుంది. వాన, తేమ బలహీనపరుస్తాయి. కాబట్టి కొబ్బరి తోటలు దాటి మన ఊళ్ళకు సిగ్నల్ తేవడం దీని పని కాదు. దానికి తక్కువ పౌనఃపున్యాలే మేలు. ఒక గదిలోనో, ఎదురెదురు టవర్ల మధ్య కొద్ది దూరానికో ఇది పనికొస్తుంది. కొత్తది వచ్చిందంటే అది అందరికీ చేరుతుందని అనుకోకూడదు. ఎవరికి, ఎంత దూరం అని లెక్క వేసి అడగాలి. అందుకే మనవాళ్ళు ఈ చదువులోకి రావాలి.

జగదీశ్ చంద్ర బోస్ 1890లలోనే కలకత్తాలో సొంతంగా పరికరాలు రూపొందించుకుని మిల్లీమీటరు తరంగాలపై ప్రయోగాలు చేశారు. 1897లో లండన్‌లో వాటిని ప్రదర్శించారు.

మీకో ప్రశ్న: 600 గిగాహెర్ట్జ్ వద్ద అదే గెయిన్ రావాలంటే పలక భుజం ఎంత ఉండాలి? కాగితం, పెన్సిలు చాలు. ప్రయత్నించండి.