పంటి పూరకములు: వాని బలము, మన్నిక

మూడేండ్ల క్రిందట మా తొమ్మిదవ తరగతిలోని యొక బాలుడు దవడపంటికి సిమెంటు పెట్టించుకొని వచ్చెను. అది పంటి రంగుతో గలిసిపోయి, చూపినగాని తెలియకుండెను. ఎల్లరును మెచ్చుకొనిరి. ఎనిమిది మాసములు నిండకమునుపే యది యూడిపోయెను. ఆతడు దానిని కాగితములో పొట్లము గట్టి తెచ్చి, "మాస్టరుగారూ, ఇది రాతివలె గట్టిగా నున్నది. ఎంత నొక్కినను నలుగదు. ఇంత గట్టిది యేల యూడినది?" అని యడిగెను. ఈ ప్రశ్న మిక్కిలి మంచిది. బలము వేఱు, మన్నిక వేఱు అను సంగతి దీనివలన బోధపడును. కావున దాని సమాధానమును విద్యార్థులందఱి కొఱకు నిచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా పన్ను ఎట్టిదో తెలిసికొందము. పంటి పైపొరకు ఎనామెలని పేరు. దాని తూకములో నూటికి సుమారు 96 వంతులు ఖనిజమే. మానవదేహములో నింతకంటె గట్టిది వేఱొకటి లేదు. దానిక్రింద డెంటీనను పొర గలదు. అందు ఖనిజము నూటికి 70 వంతులు మాత్రమే. మిగిలినది కొల్లాజెనను నారయు, నీరును. చర్మము తెగినచో మానును. ఎముక విఱిగినచో అతుకును. ఎనామెలులో జీవకణములు లేవు గనుక దానియందు పడిన గుంత తనంతట పూడదు. మనము తిన్న తీపిని నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లముగా మార్చును. పి.హెచ్. అను కొలత సుమారు 5.5 కంటె దిగినప్పుడు ఎనామెలు కరగ నారంభించును. పిప్పిపన్ను పుట్టుక యిదియే.

అట్టి గుంతలను పూడ్చుటకు చిరకాలము అమాల్గమను మిశ్రలోహమును వాడిరి. వెండి, తగరము, రాగి వీని పొడిని పాదరసముతో కలిపి దీనిని చేయుదురు. అందు సుమారు సగము పాదరసమే. అది దృఢమైనదే గాని సహజముగా పంటికి అంటుకొనదు. దానిని నిలుపుటకై వైద్యుడు మంచి పంటినిగూడ కొంత తొలిచి, గుంతను లోపల వెడల్పుగను పైన నిఱుకుగను చేయవలసియుండెను.

నేటి పంటి రంగు పూరకమునకు కాంపోజిట్టని పేరు. కాంపోజిట్టనగా కూర్పు. ఇల్లు కట్టువారు సిమెంటులో కంకర కలుపుదురు గదా! కంకర బలమునిచ్చును, సిమెంటు దానిని పట్టియుంచును. ఇందు సిమెంటునకు బదులు రెజినను జిగురును, కంకరకు బదులు మిక్కిలి సన్నని గాజుపొడియు నుండును. దవడపండ్లకు వాడు రకములలో తూకమున నూటికి 70 మొదలు 80 వఱకు గాజుపొడియే. గాజు రెజినునకు అంటుటకై రేణువులకు సిలేనను ద్రవ్యమును పూయుదురు. ఇట్టి కూర్పులకు మూలమైన బిస్-జి.ఎం.ఏ. అను రెజినునకు అమెరికాదేశపు శాస్త్రజ్ఞుడగు రఫాయెల్ బోవెన్ 1962లో పేటెంటు పొందెను.

ఇక అతుకు సంగతి. నున్నని పాతగోడపై క్రొత్త గచ్చు నిలువదు. అందుచేత మేస్త్రీ ముందుగా గోడకు గంట్లు కొట్టును. పంటికిని అట్లే చేయవలెనని కనుగొన్నవాడు అమెరికాదేశపు దంతవైద్యుడు మైకేల్ బువొనొకోరె. లోహములకు రంగు బాగుగా పట్టుటకు కర్మాగారములలో ఫాస్ఫారికామ్లమును వాడుట చూచి, ఆయన దానిని ఎనామెలుపై ప్రయోగించి 1955లో ఫలితములను ప్రకటించెను. ఆమ్లము ఎనామెలుపై కంటికి కానరాని గుంటలను చేయును. పలుచని రెజిను వానిలోనికి దిగి, గట్టిపడి, వ్రేళ్లవలె పట్టుకొనును. దీనివలన మంచి పంటిని అంతగా తొలువవలసిన పని తప్పినది.

ఇప్పుడు మన బాలుని ప్రశ్నకు వత్తము. ఆతడు తెచ్చిన పూరకమును మేము భూతద్దముతో పరీక్షించితిమి. అది విఱుగలేదు, బీటవాఱలేదు, ఒకే ముక్కగా నూడివచ్చినది. అనగా పదార్థము ఓడలేదు, అతుకు ఓడినది. పని జరిగిన దినమున నోటిలో ఉమ్మి ఊరుచుండగనే తొందరగా ముగించిరని ఆతడు చెప్పెను. అతుకు చెడుటకు ఇది చాలిన కారణము. ఆమ్లముతో శుద్ధిచేసిన పంటిపై ఉమ్మి పడినచో ఆ సన్నని గుంటలు కప్పబడి, రెజిను వానిలోనికి దిగదు.

అతుకునకు మఱి మూడు శత్రువులు గలవు. మొదటిది సంకోచము. మెత్తని ముద్దవలె నున్న కాంపోజిట్టుపై నీలికాంతిని ప్రసరింపజేసినచో కొన్ని సెకండ్లలో గట్టిపడును. అప్పుడది ఘనపరిమాణములో నూటికి సుమారు 2 లేక 3 వంతులు కుదించుకొని గుంత గోడలను లాగును. అందుచేత సాధారణపు రకములను 2 మిల్లీమీటర్లకు మించని పొరలుగా పెట్టి, పొరపొరకును కాంతి చూపుదురు. రెండవది వేడిచలువలు. వేడి కాఫీ త్రాగినప్పుడు పూరకము పంటికంటె హెచ్చుగా వ్యాకోచించును. చల్లనినీరు త్రాగినప్పుడు హెచ్చుగా కుదించుకొనును. ఇది వేలసార్లు జరుగుటచే అంచులు సడలును. మూడవది డెంటీనుయొక్క తడి. ఎనామెలుతో కుదిరిన అతుకు డెంటీనుతో అంత బాగుగా కుదరదు. నీటివలన కాలక్రమమున బలహీనమగును.

అంచు సడలిన చోట సూక్ష్మజీవులు చేరి, పూరకము ప్రక్కనే మరల పిప్పి పుట్టించును. లిస్బను నగరములో 8 మొదలు 12 ఏండ్లలోపు బాలబాలికలకు పెట్టిన 1,748 పూరకములను పరిశీలించిరి. 2007లో ప్రకటించిన ఫలితములనుబట్టి, 7 ఏండ్లకు అమాల్గములలో నూటికి 94.4ను, కాంపోజిట్టులలో 85.5ను నిలిచియుండెను. చెడినవానిలో పెక్కింటికి కారణము విఱుగుట గాదు; ప్రక్కన పుట్టిన క్రొత్త పిప్పియే.

అట్లయిన అమాల్గమునే వాడరాదాయని మీరడుగవచ్చును. పాదరసము గాలిని, నీటిని చెఱచును. దాని వాడుకను తగ్గించుటకు 2013లో మినమాటా ఒడంబడిక కుదిరినది. ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 మొదలుకొని, వైద్యమున తప్పనిసరియైనప్పుడు దక్క, అమాల్గమును నిషేధించినది. కావున మీ తరమువారికి కాంపోజిట్టుతో పని తప్పదు. దానిని కాపాడుకొను తెలివియు తప్పదు.

కాపాడుకొన్నచో అది చిరకాలము నిలుచును. 2014లో ప్రకటితమైన యొక సమీక్షలో, పెక్కు పరిశోధనల లెక్కలను గూర్చి చూడగా, పదేండ్ల కాలములో పిప్పిభయము తక్కువగా నున్నవారి పూరకములు సాలునకు నూటికి 1.6 చొప్పునను, ఆ భయము హెచ్చుగా నున్నవారివి 4.6 చొప్పునను చెడినవి. పూరకపు రకమొకటే యయినను నోరు వేఱైనచో మన్నికయు వేఱగుచున్నది.

"చెడినచో మరల పెట్టించుకొందుము" అని కొందఱనుట విన్నాము. ఇది ప్రమాదకరమైన మాట. పాత పూరకమును తీసినప్పుడెల్ల కొంత మంచి పన్నుగూడ పోవును. పంటి రంగుతో కలిసిన పూరకములో హద్దు కానరాదు గనుక నష్టము హెచ్చు. గుంత పెరుగును, గోడలు పలుచబడును, తుదకు వేరువఱకు చికిత్సయో, పన్ను పీకించుటయో సంభవించును. అంచుమాత్రమే చెడినచో పూర్తిగా తీయక ఆ భాగమును బాగుచేయుట కొన్ని తావుల సాధ్యమే. అందుకై తొలిదశలోనే వైద్యునికి చూపవలెను.

కావున విద్యార్థులారా, ఈ క్రింది సంగతులు జ్ఞాపకముంచుకొనుడు. ఉదయమునను, రాత్రి పరుండబోవునపుడును ఫ్లోరైడుగల పేస్టుతో పండ్లు తోముకొనుడు. ఇటుకపొడి, బొగ్గుపొడి పంటిని, పూరకమును గూడ అరుగదీయును, వానిని మానుడు. తీపిని భోజనముతో తినుట మేలు. దినమంతయు చప్పరించుట కీడు. నింపిన పంటితో చింతగింజలు కొఱుకుట, సోడామూతలు తీయుట తగదు. పూరకము పెట్టునపుడు నోరు కదల్పక, ఉమ్మి చేరినచో చేయి యెత్తి వైద్యునికి తెలుపుడు.

ఆ బాలుడు మఱియొక వైద్యునియొద్ద మరల పంటిని నింపించుకొనెను. ఈసారి పంటిచుట్టు పలుచని రబ్బరుగుడ్డ తొడిగి, తడి తగులకుండ నిదానముగా పని చేసిరట. నేటికి రెండేండ్లు దాటినది, అది చెక్కుచెదరలేదు. ఊడిన పాత ముక్కను ఆతడు జామెట్రీ పెట్టెలో దాచియున్నాడు. దానిని మేము ప్రతి సంవత్సరము తరగతిలో చూపి, "ఇది విఱిగినదా, ఊడినదా?" యని క్రొత్త విద్యార్థులను మొదట అడుగుచున్నాము.