అహోబిల యోగానందుడు – దేహరక్షణము

దేహమును గూర్చి శ్రద్ధ వహించుట వైష్ణవునకు తగునా యని కొందరు ప్రశ్నించుచుందురు. నశించు దేహమునకు నూనెలేల, వ్యాయామమేల, ఆ కాలమును నామస్మరణమున గడపరాదా యని వారి భావము. మరికొందరు, ముఖ్యముగా పట్టణములలోని యువకులు, దేహమే సర్వస్వమని తలచి అద్దము ముందు నిలిచి కండలు కొలుచుకొందురు. ఈ ఇరుతెగల వారికిని సమాధానము మన రాయలసీమలోనే, అహోబిల క్షేత్రముననే కలదు. 2022లో జిల్లాల విభజన జరిగిన పిదప ఆ క్షేత్రము నంద్యాల జిల్లాలో చేరినను, మా తరము వారి నోట నేటికిని అది కర్నూలు అహోబిలమే.

అచట నరసింహుడు తొమ్మిది రూపములతో వెలసియున్నాడని భక్తులకు విదితమే. కొండపైన ఉగ్రరూపుడైన జ్వాలా నరసింహుడు. దిగువన, చదునైన నేల మీద యోగానంద నరసింహుడు. హిరణ్యకశిపుని సంహరించిన పిదప శాంతించి, ప్రహ్లాదునకు యోగము నుపదేశించిన మూర్తి ఈతడని స్థల సంప్రదాయము. ఇచట ఆలోచింపదగిన విషయ మొకటి కలదు. తండ్రి తపస్సు చేయలేదా? చేసెను. మందరపర్వతపు లోయలో చేతులు పైకెత్తి, కాలి బొటనవ్రేలిపై నిలిచి, చీమలు మాంసమును తిని పుట్ట మూసివేయునంతవరకు తపస్సు చేసెనని భాగవత సప్తమస్కంధము చెప్పుచున్నది. బ్రహ్మ కమండలు జలమును చల్లగానే కరగిన బంగారమువంటి మేనితో, వజ్రమువలె దృఢమైన అవయవములతో యువకుడై లేచెను. నేడు చాలమంది కోరునది ఆ మేనే గదా! కాని ఆ సుందరదేహములో నున్న క్రోధము చల్లారలేదు. అది యంతకంతకు పెరిగినది. కొడుకు దేహమును హింసించుకొనలేదు, దేహమును గొప్ప చేసికొననూలేదు. యోగోపదేశము లభించినది ఆతనికి.

దేహము మనది కాదు అనుట మన సిద్ధాంతము. చేతనాచేతనములు రెండును భగవంతునకు శరీరమని రామానుజులు నిరూపించిరి. ఆయన సొత్తును మనము పాడు చేయరాదు. మన గొప్పకు వాడుకొననూరాదు. అర్చకుడు గర్భాలయమును ఊడ్చి, దీపపు కుందిని తోమి యుంచునది తన వైభవమునకు కాదు గదా. పండ్రెండు తావుల ఊర్ధ్వపుండ్రములను ధరించువాడు ఆ పండ్రెండు తావులను శుభ్రముగ, ఆరోగ్యముగ ఉంచుకొనవలదా?

యోగనరసింహ మూర్తులను మలచునపుడు మోకాళ్ల మీదుగా సాగిన ఒక పట్టీని చూపుట శిల్పుల సంప్రదాయము. దీనిని యోగపట్టమందురు. 1528లో కృష్ణదేవరాయల కాలమున హంపిలో ఒకే రాతిలో మలచిన, సుమారు ఇరువదిరెండడుగుల నరసింహ విగ్రహమును చూచినవారికి ఈ పట్టము కనబడును. ఇది అలంకారమని చాలమంది యనుకొందురు. దీని ప్రయోజనము వేరు. కాళ్లను, నడుమును ఆ పట్టము పట్టి యుంచుటచే కండరములకు పని యుండదు. కూర్చున్నవాడు కూర్చుండుటకై శ్రమపడడు. మన పల్లెలలో రచ్చబండ మీద రైతులు తువ్వాలును నడుమునకు, మోకాళ్లకు చుట్టి ముడివేసికొని, గంటలకొలది హాయిగ మాటలాడుకొనుట మీరు చూచియుందురు. వారు శాస్త్రము చదువలేదు గాని యోగపట్టపు రహస్య మెరుగుదురు.

పతంజలి మహర్షియు ఈ మాటయే చెప్పెను. ఆసనము నిలుకడగను, సుఖముగను ఉండవలెననెను. అట్టి ఆసనము సిద్ధించుటకు ఉపాయముగ ప్రయత్నమును సడలించుటను, అనంతునియందు చిత్తమును నిలుపుటను చెప్పెను. బిగించుట కాదు, సడలించుట! అనంతుడనగా భూమిని మోయు ఆదిశేషుడని వాచస్పతి మిశ్రుడు వ్యాఖ్యానించెను. అంత బరువును మోయుచు కదలనివానిని తలచినచో మన దేహపు తొట్రుపాటు తగ్గునని భావము. ఆ శేషుని పడగ తిరుమల, నడుము అహోబిలము, తోక శ్రీశైలమని మన పెద్దలు చెప్పుకొనుట ఇచట స్మరింపదగును.

శరణాగతి చేసినవాడు తన రక్షణభారమును స్వామిపై నుంచి నిశ్చింతుడగును. దీనిని మన ఆచార్యులు భరన్యాసమనిరి. మనస్సునకు భరన్యాసమెట్టిదో దేహమునకు ఈ సడలింపు అట్టిదని నా అభిప్రాయము. రెండింటిని ఒకటి చేయుట నా ఉద్దేశము కాదు. పోలిక మాత్రము కలదు. నుదురు ముడిచి, పండ్లు బిగించి, పక్కవానికంటె మిన్నగ వంగవలెనని చేయునది వ్యాయామము కావచ్చును, ఆసనము కాదు.

యోగము మన సంప్రదాయమునకు పరాయిదని తలచువారు తిరుమల కృష్ణమాచార్యుల చరిత్ర తెలిసికొనవలెను. 1888లో పుట్టి 1989 వరకు నూరేండ్లు జీవించిన ఆ మహనీయుడు శ్రీవైష్ణవుడు, నాథమునుల వంశీయుడనని చెప్పుకొన్నవాడు. మైసూరులో ఆయన శిష్యుడైన బి.కె.యస్. అయ్యంగారు మన చిత్తూరు సీమకు పొరుగుననున్న కోలారు జిల్లా బెల్లూరున 1918లో జన్మించెను. బాల్యమున మలేరియా, టైఫాయిడ్, క్షయ మున్నగు వ్యాధులచే కృశించిన ఆ దేహమే పిదప ప్రపంచమునకు ఆసనములు నేర్పినది. వంగలేని వృద్ధులకు, రోగులకు ఆయన నడికట్లు, త్రాళ్లు, చెక్కదిమ్మెలు ఆధారముగ నిచ్చి ఆసనములు చేయించెను. ఆ నడికట్టును చూచినపుడు నాకు యోగపట్టమే స్ఫురించును. 2014లో ఐక్యరాజ్యసమితి జూన్ 21ని యోగదినముగ ప్రకటించినది. 2025లో ఆ దినమున విశాఖ సముద్రతీరమున లక్షలమంది ఆసనములు వేసిరి. సంతోషమే. జూన్ 22న ఎందరు వేసిరో!

ఇక ఎంత చేయవలెనన్నది ప్రశ్న. వాగ్భటుడు తన అష్టాంగహృదయమున దీనికి స్పష్టమైన కొలత యిచ్చెను. బలవంతుడు, నేయి నూనెలు గల భోజనము చేయువాడు సైతము తన బలములో సగము మేరకే వ్యాయామము చేయవలెను. అదియు చలికాలమున, వసంతమున. తక్కిన కాలములలో ఇంకను తక్కువగ. సగమైనదని తెలియుట యెట్లు? శ్వాస నోటికి వచ్చినచో సగము బలము ఖర్చైనదని సుశ్రుతుడు గుర్తు చెప్పెను. నోరు మూసికొని ముక్కుతో శ్వాసింపగలిగినంత వరకు నడువుము. నోరు తెరువవలసి వచ్చినపుడు ఆగుము. ఇంతకంటె సులభమైన కొలత యేమున్నది? హద్దు మీరినవాడు ఏనుగును ఈడ్వబోయిన సింహమువలె నశించునని వాగ్భటుడు హెచ్చరించెను. సింహమునకే హద్దు కలదనినపుడు మనబోటి వారి మాట యేమి?

అహోబిల యాత్రికులకు ఈ మాట మిక్కిలి అవసరము. భవనాశిని ఒడ్డున, రాళ్ల మీదుగా జ్వాలా నరసింహుని సన్నిధికి ఎక్కుట సామాన్యమైన శ్రమ కాదు. వేసవిలో మన కర్నూలు, కడప సీమలలో ఎండ నలువది డిగ్రీలు దాటును. ఆ ఎండలో, ఉపవాసముండి, ఒకే దినమున తొమ్మిది సన్నిధులను ముగింపవలెనను పట్టుదలతో పరుగులిడు వృద్ధులను నేను చూచితిని. సోలి పడిపోయినవారిని చూచితిని. నీటి సీసాను కూడ బరువని క్రింద విడిచి పోవుదురు. చెమటతో పోవునది నీరు మాత్రమే కాదు, ఉప్పును పోవును. కావున ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ వెంట నుంచుకొనుట మేలు. రక్తపుపోటు గలవారు మాత్రము ఉప్పు విషయమున డాక్టరు మాటను పాటింపవలెను. తెల్లవారకముందే బయలుదేరి ఎండ ముదురక మునుపే దిగిరావలెను. ఆయాసముతో పాటు గుండెలో బరువు, ఎడమ చేతిలోనో దవడలోనో నొప్పి తోచినచో యాత్ర నచటనే ఆపి వైద్యుని చేరవలెను. ఎక్కలేనివారు చింతింపనక్కరలేదు. యోగానందుడు, ఛత్రవట నరసింహుడు దిగువననే యున్నారు. ఛత్రవటమున స్వామి హాహా హూహూ గంధర్వుల గానమును వినుచు చేతితో తాళము వేయుచు చిరునవ్వుతో కూర్చుండియున్నాడు. విశ్రాంతికి అంతకంటె చక్కని రూపము నేనెచ్చటను చూడలేదు.

ప్రాణాయామము సంధ్యావందనము చేయువారికి కొత్త కాదు. కాని పలువురు ముక్కును ముట్టి వదలుటయే ప్రాణాయామమనుకొనుచున్నారు. శ్వాసను నెమ్మదిగ, దీర్ఘముగ విడుచునపుడు గుండె వేగము తగ్గును. ఇది వైద్యులెరిగిన విషయమే. ఉపనయనము లేనివారికి, స్త్రీలకు ఈ ఫలము లేదని యెవ్వరును విచారింపరాదు. నామసంకీర్తనమున పొడవైన పదములను ఒకే ఊపిరిలో పలుకుట శ్వాసను తనంత తానే సాగదీయును. 2001లో ఇటలీ వైద్యులు కొందరు తమ దేశపు జపమాల ప్రార్థనను, మన యోగమంత్రమును పలికించి పరీక్షించిరి. రెండింట శ్వాస నిమిషమునకు ఆరు మారులకు దిగినదనియు, గుండె, రక్తనాళముల క్రమము మెరుగుపడినదనియు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిరి. సాధారణముగ మనము నిమిషమునకు పండ్రెండు మొదలు ఇరువది మారులు శ్వాసింతుము. తొందరతో పారాయణము ముగించువారు ఈ లాభమును పోగొట్టుకొనుచున్నారు.

ఆహార విషయమున మన సీమ పేదది కాదు. రాగిసంగటి, జొన్నరొట్టె, కొర్రన్నము మన పెద్దల భోజనము. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. బియ్యమున అందులో పదవ వంతైనను లేదు. 2023ను చిరుధాన్యముల సంవత్సరముగ ప్రపంచమంతయు జరుపుకొన్న పిదప, మనము నామోషీగ తలచి విడిచిన కొర్రలను పట్టణపు అంగళ్లలో అధికధరకు కొనుచున్నాము. అట్లని రాగిముద్దను హద్దు లేక తినుట తగదు. మధుమేహము గలవారికి అదియు పిండిపదార్థమే.

ఉపవాసమును గూర్చి కొంచెము విపులముగ చెప్పవలెను. గీత ఆరవ అధ్యాయమున భగవానుడు అతిగ భుజించువానికి యోగము లేదనెను. ఆ వెంటనే, ఏమియు భుజింపనివానికిని లేదనెను. మనవారు మొదటి భాగమునే చెప్పుకొందురు. ఏకాదశీ వ్రతము ఎనిమిదేండ్లు దాటి ఎనుబదేండ్లు నిండనివారికని ధర్మశాస్త్రము. నీరు, కందమూలములు, పండ్లు, పాలు, హవిస్సు, ఔషధము మున్నగునవి వ్రతభంగము చేయవనియు శాస్త్రమే చెప్పినది. అయినను మధుమేహమునకు మాత్రలు మ్రింగియో, ఇన్సులిన్ సూది వేయించుకొనియో, ఏమియు తినక మధ్యాహ్నమునకు వణకుచు, చెమటలు పట్టి, మాట తడబడి పడిపోవువారున్నారు. ఇది రక్తములో చక్కెర పడిపోవుట, ప్రాణాపాయము. స్పృహయున్నచో వెంటనే పంచదార నీరో బెల్లమో ఇవ్వవలెను. స్పృహ లేనిచో నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్పవలెను. వ్రతమునకు ముందే వైద్యు నడిగి మందు కొలతను మార్చుకొనుటయో, ఫలాహారము గైకొనుటయో కర్తవ్యము. ఇంటిల్లిపాదికి వండిపెట్టి, తాను మాత్రము అలసటతో ఏదియు తినక పరుండు ఇల్లాలి ఉపవాసము ఏ వ్రతమునకు సంబంధించినదో శాస్త్రమున నాకు కనబడలేదు. ఆమెను ముందు కూర్చుండబెట్టి వడ్డించు కుమారులున్న ఇండ్లు ధన్యములు.

అలంకారమునకును ఇదే కొలత. గోదాదేవి తిరుప్పావై రెండవ పాశురమున నేయి వలదు, పాలు వలదు, కాటుక వలదు, పూలు వలదు అని వ్రతమును పట్టెను. ఇరువదియేడవ పాశురమున ఆమెయే కంకణములు, కర్ణాభరణములు, క్రొత్త వస్త్రములు కోరి, మోచేతి వరకు నేయి కారు పాలన్నమును అందరితో కూడి చల్లగ తినవలెనని పాడెను. విడిచినదియు స్వామికొరకే, ధరించినదియు స్వామికొరకే. కావున వారమునకొకమారు తలకు, చెవులకు, అరికాళ్లకు నూనె రాచికొనుటలో దోషము లేదు. మన పొడి గాలికి చర్మము పగులకుండుటకు అది చాల మేలు. వేడినీరు మెడ క్రిందికే గాని తలకు పనికిరాదని వాగ్భటుడు చెప్పెను. వీలైనవారు మహానంది కోనేటిలో ఒకమారు స్నానము చేసి చూడుడు. భూమి లోతులనుండి ఊరు నీటికి ఋతువులతో అంతగ పని లేదు గనుక వేసవిలో చల్లగను, చలికాలమున గోరువెచ్చగను తోచును.

చివరకు నిద్ర. పగటినిద్ర నిషిద్ధమని అందరు నెరిగినదే. కాని గ్రీష్మమున రాత్రులు చిన్నవి గనుక, వాతము పెరుగును గనుక పగటినిద్ర హితమని వాగ్భటుడే మినహాయింపు నిచ్చెను. మండుటెండలో కడప నల్లబండల నేలమీద, బేతంచెర్ల బండలు పరచిన వసారాలో చాపయైనను లేక నడుము వాల్చు మన రైతు సోమరి కాడు. బండ దేహపు వేడిని లాగుకొనును. అరగంట చాలును. రాత్రి మాత్రము చేతిలోని ఫోనును దూరముగ నుంచి వేళకు పరుండవలెను. తిరుమలలో స్వామికి సుప్రభాతమెట్లో ఏకాంతసేవయు అట్లే. రాజంపేట చెంత తాళ్లపాకలో 1408లో పుట్టి తొంబదియైదేండ్లు జీవించిన అన్నమాచార్యుల వంశము వారు లాలి పాడగా స్వామి శయనించును. ఆ లాలి ముగిసిన పిదప తలుపులు మూయుదురు. మరల సుప్రభాతము వరకు ఎవ్వరును ఆయనను లేపరు.