ఆజ్ఞోల్లంఘనము – ఫలమెవరిది?

శరణాగతికి పెద్దలు చెప్పిన అంగములలో మొదటిది ఆనుకూల్య సంకల్పము, రెండవది ప్రాతికూల్య వర్జనము. స్వామికి ప్రియమైనది చేయుదుననుట, అప్రియమైనది మానుదుననుట. ఇంతటి నియమము గల సంప్రదాయములో గురువు ఆజ్ఞను మీరిన భగవద్రామానుజులు జగదాచార్యులెట్లయిరి? ఈ ప్రశ్నకు సమాధానము నాకు విజయవాడ బెంజ్ సర్కిల్ వద్ద బోధపడినది.

ఒకనాటి సాయంకాలము ఉపన్యాసమునకు ఆలస్యమగుచున్నదని ఆటోలో పోవుచుంటిని. జాతీయ రహదారి, బందరు రోడ్డు కలియు ఆ కూడలిలో ఎర్రదీపము వెలిగినది. "దైవకార్యము నాయనా, పోనీయవయ్యా" అని తొందరపెట్టితిని. పెద్దవాని మాట అతడు కాదనలేకపోయెను. ఎదురుగా దారి దాటుచున్న పూలమ్మి ఒకామె బెదరి పడినది. దెబ్బ తగులలేదు గాని గంపెడు బంతిపూలు చక్రముల క్రింద నలిగినవి. నియమము మీరినది నేను, భయపడినది ఆమె. పూల ధర చెల్లించితిని. ఆమె వణకును మాత్రము ఆపలేకపోతిని.

ఆనాడు నేను చెప్పవలసినది రామానుజ చరిత్రమే. తిరుక్కోట్టియూరుకు పదునెనిమిది మారులు నడచి, గోష్ఠీపూర్ణుల వలన పొందిన రహస్యార్థమును ఆయన ఆలయ గోపురముపై నుండి అందరికి చాటెనని గురుపరంపర చెప్పుచున్నది. ఆజ్ఞ మీరినవానికి నరకమని గురువు గద్దింపగా, ఇందరు తరించినచో తా నొక్కడు నరకమునకు పోవుటకు సిద్ధమనిరి. గురువు కౌగిలించుకొనెను. ఫలము లోకమునకు, శిక్ష తనకు!

రావణుని కథ దీనికి విరుద్ధము. విభీషణుని హితవును త్రోసిపుచ్చినది అతడు. రణమున ముందుగా కూలినది తమ్ముడు, కొడుకులు.

మన కృష్ణా మండలమున పెనుగంచిప్రోలులో జన్మించిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు (1889–1928) మొదటి మార్గమునే పట్టిరి. చీరాల, పేరాలలను పురపాలక సంఘముగా చేసి ప్రభుత్వము పన్నుల భారము మోపగా, 1921లో ప్రజలు ఇండ్లు విడిచి, రామనగరమను పేర పాకలు వేసికొని సుమారు 11 నెలలు ఎండవానలకోర్చిరి. ఒకరిని కొట్టలేదు, ఒకరి సొత్తు ముట్టలేదు. నాయకుడు చెరసాలకేగెను. కడకు ప్రజలు మరలి రావలసివచ్చినను, ఆ ఉల్లంఘనమును నేటికిని ఆంధ్రులు గౌరవముతో తలచుచున్నారు.

కనుక మాట మీరబోవునపుడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను: లాభమెవరికి? కష్టమెవరికి? వైద్యుడు వలదన్న ఊరగాయ తినువాడు నేను. రాత్రి మేలుకొని సేవ చేయునది గృహిణి. కాలువలో దిగవద్దన్న తల్లి మాట మీరినది బాలుడు. జీవితాంతము ఏడ్చునది తల్లి. సుఖము మనది, దుఃఖము పరులది అయినచో అది స్వామికి ప్రతికూలము. దానికి దైవకార్యమను పేరు పెట్టుట మరింత దోషము.

ఇప్పుడు ఆ కూడలిపై వంతెనలు వచ్చినవి. ఎర్రదీపము కనబడినచో నేను ఆటోలో మౌనముగా తిరుమంత్రమును స్మరించుచు కూర్చుందును. ఉపన్యాసమునకు ఆలస్యమైనచో సభవారిని క్షమాపణ కోరుదును. ఆ కష్టము నాది, నేనే భరింపవలెను.